హాల్లో క్రికెట్ పెడితే పోయే టీవీ

2022 ఎండాకాలం. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ రోడ్డులో నాకొక చిన్న షాపుంది. ఇళ్ళకు డిష్ యాంటెన్నాలు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. మిర్చి సీజన్లో ఆ రోడ్డు మీద కూర్చుంటే తుమ్ములే తుమ్ములు, అందుకని బయటి నుంచి పని ఏదొచ్చినా వెంటనే బండి తీసేవాణ్ణి. ఆ ఆదివారం మధ్యాహ్నం హనుమకొండ నుంచి ఎలీషా సార్ అనే ఆయన ఫోన్ చేశారు. ఒక ప్రైవేటు కంపెనీలో మేనేజరు. ఇంట్లో రెండు టీవీలున్నాయని, అందులో ఒకదాని కనెక్షన్ పీకేసి పోవాలని చెప్పారు. బాగుచేయడానికి పిలిచేవాళ్ళే గానీ పీకడానికి ఇంత హడావుడిగా పిలిచేవాళ్ళు తక్కువ. ఎందుకని అడిగితే, వచ్చాక చెబుతానన్నారు.

అసలు కథలోకి వెళ్ళే ముందు ఈ బాక్సు సంగతి కొంచెం చెప్పాలి. మామూలు సెట్‌టాప్ బాక్సులో ట్యూనర్ ఒక్కటే ఉంటుంది. ట్యూనర్ అంటే డిష్ నుంచి దిగే సిగ్నల్లోంచి మనకు కావలసిన చానెల్‌ను పట్టుకునే భాగం. ఒక బాక్సును రెండు టీవీలకు కలిపితే రెండింట్లోనూ ఒకటే బొమ్మ వస్తుంది. డ్యూయల్ ట్యూనర్ బాక్సులో ఈ భాగాలు రెండుంటాయి. హాల్లో ఒక టీవీ, లోపలి గదిలో ఒక టీవీ, ఎవరి రిమోట్ వాళ్ళది, ఎవరి చానెల్ వాళ్ళది. ఇంట్లో రిమోట్ కోసం కొట్లాటలుండవని చెప్పే మేం వాటిని అమ్ముతాం. ఎలీషా సార్ ఇంట్లో ఉన్నది అలాంటిదే. హాలు టీవీ ఆయనది, లోపలి గదిలోది వాళ్ళమ్మ కరుణమ్మది.

ఇంటి గేటు పక్కనే ఒక టిఫిన్ బండి, టార్పాలిన్ కప్పి తాడుతో కట్టేసి ఉంది. దాన్ని నేను గుర్తుపట్టాను. కాలేజీ చౌరస్తాలో ఇడ్లీ, బోండా అమ్మే బండి అది. పొద్దున్నే డిష్ పనికి వెళ్ళేటప్పుడు నేనూ చాలాసార్లు అక్కడ తిన్నాను. ఈమధ్య కనబడడం లేదేమిటా అనుకున్నాను గానీ, ఆ బండి నడిపే ఆవిడే ఈ ఇంటి కరుణమ్మ అని లోపలికి పోయేదాకా తెలియదు. గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ నిలబడి గరిటె తిప్పే మనిషిని అట్లా ఊరికే కూర్చుని చూడడం నాకే ఏదోలా అనిపించింది.

ఎలీషా సార్ నన్ను హాల్లోనే ఆపి, గొంతు తగ్గించి విషయం చెప్పారు. తగ్గించారు గానీ ఆమెకు వినపడకుండా మాత్రం కాదు. బాక్సు బిగించిన నాటి నుంచీ అమ్మ గదిలో టీవీ సాయంత్రాలు పోతుందట. కొన్ని చానెళ్ళు వస్తాయి, కొన్ని రావు. డిష్ కంపెనీ వాళ్ళు ఎన్నోసార్లు వచ్చారు. వచ్చిందల్లా మధ్యాహ్నం పూట, ఆయన ఆఫీసులో ఉన్నప్పుడు. వచ్చినప్పుడల్లా టీవీ బ్రహ్మాండంగా ఉండేది. పెద్దావిడకు రిమోట్ వాడడం రావట్లేదు, ఏవేవో నొక్కుతోంది అని చెప్పి కంప్లయింటు మూసేసి పోయారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పు పట్టుకోవడం చేతగాని ప్రతివాడూ మా వృత్తిలో అనే మాటే అది. రిమోట్‌కు నోరు లేదు, ముసలావిడ మాట ఎవరూ వినరు. ఇంక కావలసిందేముంది.

అది అక్కడితో ఆగితే నాకింత కోపం వచ్చేది కాదు. కరుణమ్మ టీవీ పోయినప్పుడల్లా ఒకటే మాట చెప్పేదట. ఆ మాట ఇంట్లో మొదట నవ్వులాట అయింది, తర్వాత భయమైంది, చివరికి రుజువైంది. ఆమెకు మతి తప్పిందనడానికి రుజువు. అది నమ్మాక ఎలీషా సార్ బండి ఆపించారు. బండి స్టవ్ గ్యాస్ రెగ్యులేటర్ తీయించి భార్య గ్రేసీ చేత దాచిపెట్టించారు. మరుసటి రోజు పొద్దుటికి తలకాయ డాక్టరు దగ్గర నంబరు కూడా తీసుకున్నారు.

"టీవీనే సక్కగ వాడొస్తలేదు శ్రీను. పొద్దుగాల చీకట్ల కాగే నూనె ముందు ఎట్ల నిలవెట్టాలె, నువ్వే చెప్పు" అన్నారాయన.

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే తోచింది. సరే, పీకే ముందు ఒకసారి చూద్దామని గదిలోకి వెళ్ళి, ఏమవుతోందమ్మా అని అడిగాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. చట్నీ ఎక్కువ అడిగే పిలగానివి గదా అంది. మతి తప్పిన మనిషికి నా చట్నీ సంగతి గుర్తుండడమేమిటో నాకు అర్థం కాలేదు. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పింది.

"వాడు హాల్ల బంతాట పెట్టంగనే నా ప్రార్థన పోతది బిడ్డా. వాడు వార్తలు పెడితే మల్ల వస్తది. నేను రిమోట్ ముట్టనన్న ముట్ట. ఎన్నిమాట్ల చెప్పిన ఇంటలేరు."

సాయంత్రం పూట ఒక క్రైస్తవ చానెల్లో వచ్చే ప్రార్థన కార్యక్రమం ఆమె చూసేది. పొద్దున చీకటితో లేచే మనిషికి రోజంతటిలో తీరిక అదొక్కటే. వెనకనే నిలబడ్డ ఎలీషా సార్ నవ్వారు.

"ఇన్నవా? నేను హాల్ల రిమోట్ నొక్కితే ఆమె గదిల టీవీ పోతదట. రెండు టీవీలు, రెండు రిమోట్లు. గిట్లనే మాట్లాడ్తాంది."

ఆయన నవ్వుతున్నారు గానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె చెబుతున్నది పిచ్చిమాట కాదు. ఆ మాట ఏ పాత మెకానిక్ విన్నా చెవులు నిక్కబొడుచుకోవాలి. ఇన్నిసార్లు వచ్చిన వాళ్ళలో ఒక్కడూ ఆమెను నోరు తెరవనిచ్చినట్టు లేదు. నేను గ్రేసీ మేడంను ఆ గదిలో ప్రార్థన చానెల్ పెట్టి టీవీ ముందు నిలబడమని, సార్‌ను హాల్లోకి తీసుకెళ్ళి క్రికెట్ పెట్టమన్నాను. ఆయన పెట్టారు. లోపలి నుంచి గ్రేసీ మేడం, "పోయింది" అంది. వార్తలు పెట్టమన్నాను. "వచ్చింది" అంది. మళ్ళీ క్రికెట్. మళ్ళీ పోయింది. కరుణమ్మ రిమోట్ మంచం మీద, ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. మూడోసారికి సార్ ముఖంలో నవ్వు లేదు.

బాక్సు వెనక చెయ్యి పెట్టి చూస్తే దొంగ దొరికాడు. దీన్ని కొంచెం వివరించాలి. డిష్ ముందు కొమ్ము చివర ఉండే చిన్న డబ్బాను ఎల్‌ఎన్‌బీ అంటాం. ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్‌ను అది పట్టుకుని తీగలోకి దించుతుంది. చానెళ్ళు కొన్ని నిలువు అలల మీద వస్తాయి, కొన్ని అడ్డం అలల మీద. ఒక తీగలో ఒకసారికి ఒక రకమే దిగుతుంది. ఏ రకం కావాలో బాక్సే ఆ తీగలోంచి పైకి కరెంటు పంపి అడుగుతుంది. తక్కువ వోల్టేజీ పంపితే నిలువువి, ఎక్కువ పంపితే అడ్డంవి. అందుకే రెండు ట్యూనర్లుంటే డిష్ నుంచి రెండు తీగలు దించి తీరాలి. ఈ ఇంట్లో బిగించిన మహానుభావుడు ఒక్కటే తీగ దించాడు. రెండోది దించాలంటే మళ్ళీ మేడెక్కాలి, గోడకు కన్నం వెయ్యాలి. ఆ ఓపిక లేక, బాక్సు వెనక స్ప్లిటర్ తగిలించాడు. స్ప్లిటర్ అంటే ఒక తీగను రెండుగా చీల్చే చిన్న ముక్క. అందులో కరెంటు పైకి వెళ్ళే దారి ఒక్కటే, అది హాలు వైపుది. హాలు టీవీ ఏది అడిగితే డిష్ అదే పంపుతుంది. లోపలి టీవీ అడిగేది పైదాకా చేరనే చేరదు. క్రికెట్ చానెల్ ఒక రకం అలల మీద వస్తుంది, ఈమె ప్రార్థన చానెల్ ఇంకో రకం మీద. కంపెనీవాళ్ళు వచ్చిన మధ్యాహ్నాలు హాల్లో క్రికెట్ ఉండదు కాబట్టి లోపలి టీవీ బాగానే కనబడేది. హాల్లో వాళ్ళకు ఏనాడూ బొమ్మ పోదు కాబట్టి వాళ్ళకు ఏ లోపమూ కనబడదు.

అంటే కరుణమ్మ చెప్పింది అక్షరాలా నిజం. మీటరు లేదు, వోల్టేజీ అంటే ఏమిటో తెలియదు, మంచం మీద కూర్చుని కళ్ళతో చూసి చెప్పింది. ఆ చెప్పినందుకే ఆమెకు పిచ్చి అని పేరు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. బిగించినవాడు బద్ధకంతో చేశాడు, తర్వాత వచ్చినవాళ్ళు పొట్టకూటి తొందరలో చూడకుండా పోయారు, ఇంట్లోవాళ్ళు వినకుండా నిర్ణయం చేశారు. తీగ దించనివాణ్ణి ఏ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్తామని ఎవరూ అనలేదు, పాపం ఈవిడకు మాత్రం నంబరు తీశారు.

సార్‌ను అడగకుండానే మేడెక్కాను. ఎండకు మేడ మీద కాలు మోపడమే కష్టమైంది. సంచిలో రెండు తీగలు తగిలించే రెండు మూతుల ఎల్‌ఎన్‌బీ ఉంది, దాన్ని మార్చి, రెండో తీగ దించి, స్ప్లిటర్ తీసి జేబులో వేసుకున్నాను. కిందికి వచ్చి హాల్లో క్రికెట్ పెట్టాను, లోపల ప్రార్థన చానెల్ పెట్టాను. రెండూ నడిచాయి. ఎన్నిసార్లు మార్చినా నడిచాయి. అప్పుడు ఎలీషా సార్‌తో, మామూలుగా కస్టమర్లతో నేను మాట్లాడని విధంగా మాట్లాడాను. అమ్మ రిమోట్ తప్పుగా నొక్కలేదు సార్, ఒక్కరోజు కూడా నొక్కలేదు, ఆమె చెప్పిందే జరుగుతోంది, మీరంతా కలిసి మంచి మనిషిని మూల కూర్చోబెట్టారు అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది.

ఆయన ఒప్పుకుంటారనుకున్నాను. ఆయన వెళ్ళి సోఫాలో కూర్చున్నారు.

"సరే, టీవీ సంగతి వైరుదే అనుకో. అయితేంది? ఈ వయసుల బండెందుకు ఆమెకు? మా ఆఫీసోళ్ళు రోజు ఆ చౌరస్తా మీదికెల్లే పోతాంటరు."

అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటున్న కరుణమ్మ హాల్లోకి వచ్చింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. ఇడ్లీ ఎంతకని అడిగినవాడికి జవాబు చెప్పినట్టే మామూలుగా మాట్లాడింది.

"అది వేరే మాట కొడుకా. నీకు సిగ్గయితాందంటే సిగ్గయితాందని చెప్పు, నేను ఇంట. నా తలకాయ పోయిందనకు."

ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా అని ఒక్క మాట అను. గంతే."

"అయిపోయింది గదమ్మా, ఇగ దాన్ని ఎందుకు సాగదీస్తవు" అని ఆయన ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. ఎవరూ ఫోన్ చేయలేదు, నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట. నోరు తెరిచి ఒక్క మాట అనడానికి ఆ పెద్దమనిషికి ఏం పోయేదో ఇప్పటికీ నాకు తెలియదు. మెకానిక్ ముందు అమ్మకు పిచ్చి అని చెప్పడానికి రాని మొహమాటం, అదే మెకానిక్ ముందు అమ్మ నిజం చెప్పిందనడానికి వచ్చింది.

నేను సామాన్లు సర్దుకుంటుంటే గ్రేసీ మేడం లోపలికి వెళ్ళింది. నేను వచ్చినప్పటి నుంచి ఆమె "పోయింది", "వచ్చింది" తప్ప ఇంకొక మాట అనలేదు. బీరువా తెరిచిన చప్పుడైంది. చీరల మధ్య దాచిన రెగ్యులేటర్ తెచ్చి అత్త చేతిలో పెట్టింది. "రేపటికి పప్పు నానవెయ్యాల్నా అత్తమ్మా?" అని అడిగింది, బాల్కనీలోకి వినపడేంత గట్టిగా. కరుణమ్మ కోడలి ముఖంలోకి కాసేపు చూసి, ఎంత పప్పు ఉందో చూడమని చెప్పింది. డాక్టరు దగ్గరికి ఎవరూ పోలేదని నాకు తర్వాత తెలిసింది.

ఈ పని నాకు నేర్పింది ఒకటుంది. టీవీ చూసేవాళ్ళకు మాలాగా పేర్లు తెలియవు, కానీ ఏది జరిగితే ఏది జరుగుతోందో రోజూ చూసేది వాళ్ళే. ఫ్రిజ్ తలుపు తీస్తే బొమ్మ వణుకుతుందని నర్సంపేటలో ఒకావిడ చెప్పినా, కోతి వచ్చినప్పుడే సిగ్నల్ పోతుందని ఇంకొకాయన చెప్పినా నేను నవ్వను. ముందు ఆ ఫ్రిజ్ తలుపు తీసి చూస్తాను. రిమోట్ తప్పుగా వాడుతున్నారనే మాట నా షాపులో పనిచేసే ఎవరి నోటా రానివ్వను. వస్తే ఆ పూట వాడికి నా చేత తిట్లే.

కరుణమ్మ బండి మళ్ళీ చౌరస్తాలోనే ఉంది. నేను ఇప్పటికీ వెళ్తుంటాను. ఒకరోజు గిరాకీ తక్కువగా ఉన్నప్పుడు, సార్ ఆ మాట అన్నారా అమ్మా అని అడిగాను. ఆమె బోండాలు తిరగేస్తూ, తల ఎత్తకుండానే, "అనలే బిడ్డా" అంది.

పోయిన వారం మళ్ళీ అడిగాను. ఇంకా అనలేదట.