పునాది దగ్గరే ఆగిన ఇంగ్లీషు

తెనాలిలో మాకు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పిన మాస్టారు చిన్నప్పుడు చర్చి ఫాదర్ల దగ్గర లాటిన్ నేర్చుకున్నారు. ఇంగ్లీషులో ఏం అడిగినా చూపుడువేలు నేలకేసి చూపించి, "పునాది అమ్మా, ముందు పునాది!" అనేవారు.

ఆ పునాది లాటిన్ క్రియానామం. "బోధిస్తాను అంటే పని. బోధించడం అంటే ఆ పనికి పేరు. దొచెందీ అంటే బోధించడం యొక్క. దొచెందో అంటే బోధించడం వల్ల." మేమంతా మంత్రంలా వల్లించేవాళ్లం.

బట్టలకొట్టులో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతున్న రోజుల్లో, రేపల్లె ఆస్పత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు.

"మాస్టారూ, గుడ్ మార్నింగ్ తర్వాత ఏమనాలండీ?"

"తొందరపడకమ్మా, మనకింకా ద్వితీయా విభక్తి కాలేదు."

ఇంటర్వ్యూలో మేనేజరు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నాకు దొచెందీ, దొచెందో తప్ప ఇంకేమీ తట్టలేదు. ఇక బట్టలకొట్టే గతి అనుకుంటుండగా, ఒక ముసలామె దారి తెలియక ఏడుస్తూ లోపలికి వచ్చేసింది. "ఏంటి మామ్మా, ఏమైంది? ముందు కూర్చో, మంచినీళ్లు తాగు" అని, ఆమెను డాక్టరు గదిదాకా తీసుకెళ్లి వచ్చాను.

"రేపట్నుంచి వచ్చెయ్యమ్మా" అన్నాడు మేనేజరు.

సంగతి చెబితే మాస్టారి కళ్లు చెమర్చాయి. మర్నాడే ట్యూషన్ గోడమీద నా పేరు రాయించారు, లాటిన్ పద్ధతిలో ఉద్యోగం సాధించిన విద్యార్థిని అని. కొత్త బ్యాచ్ నిండిపోయింది. మా అమ్మ వెళ్లి చెల్లిని కూడా చేర్పించింది. వద్దు మొర్రో అంటే నామీదే విరుచుకుపడింది.

"నీకు ఉద్యోగం వచ్చిందిగా, దానికి మాత్రం రావద్దటే?"