రెక్క ఊపలేదు

పొద్దున ఏడు దాటింది. మబ్బు మా విమానాల షెడ్డు రేకుల మీద కూర్చున్నట్టుంది. సన్నగా జల్లు పడుతోంది, పడిన చినుకు పడినచోటే గడ్డకడుతోంది. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. అన్నం డబ్బా మూత తీయబోతుంటే మేడ మీది గదిలోంచి, విమానాలతో రేడియోలో మాట్లాడే అక్క కేకేసింది. పావుగంటగా అన్న పలకడం లేదట.

అన్న అంటే మా చిన్న విమానం నడిపే పైలట్. కొండల అవతలి ఆసుపత్రికి మందులు చేరవేసి, అక్కడి ఉత్తరాలు తెస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. భార్య పోయాక చెల్లెలి ఇంటి వెనక గదిలో ఉండేవాడు. ఒక మంచం, గోడకి ఒక మేకు, మేకుకి తోలు కోటు. నేల మీద తనకేం పనీ చేతకాదని తనే చెప్పుకునేవాడు.

వెనకాల అందరూ ఆయన్ని నత్త అనేవాళ్ళం. ఎక్కేముందు విమానం చుట్టూ రెండుసార్లు తిరిగి, రెక్క అంచు పొడుగునా అరచేత్తో తడిమేవాడు. సూదేమైనా పారేసుకున్నావా అన్నా అని ఒకసారి ఆటపట్టించాను.

"దొరికితే ముందు నీ నోరే కుడతాను తమ్ముడూ" అన్నాడు.

నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. పీపాలు దొర్లించడం, పెట్టెలు మోయడం నా పని. విమానాలకి సైగ దీపం పట్టడం నేర్పింది ఆయనే. రంగులు చదవడానికి అక్షరాలు రానక్కర్లేదన్నాడు. రేడియో చచ్చిపోతే చెప్పిన వేళకు వచ్చి చుట్టూ తిరుగుతాడు. నేను ఆకుపచ్చ చూపిస్తే దిగమని, ఎరుపు చూపిస్తే పైనే ఉండమని. చూశానని చెప్పడానికి ఆయన రెక్కలు ఊపుతాడు. ఊపకపోతే చూడనట్టే. ఆ మాట నాచేత పదిసార్లు చెప్పించాడు.

ఆ పొద్దున దీపం పట్టుకుని రన్‌వే పక్కన నిలబడ్డాను. ముందు చప్పుడు వినిపించింది. ఇంజను దగ్గి, ఆగినట్టే ఆగి, మళ్ళీ అందుకుంటోంది. మబ్బు అడుగునుంచి విమానం బయటపడింది. ఎప్పటికన్నా కిందగా, ఎప్పటికన్నా వేగంగా వస్తోంది. ఆకుపచ్చ చూపించాను. రెక్కలు కదల్లేదు. మళ్ళీ చూపించాను. కర్రముక్కలా బిగుసుకుని వస్తోంది.

మేడ మీంచి అక్క అడిగింది, "ఊపాడా?"

"లేదక్కా."

వెనకాలే ప్రయాణికుల విమానం దిగడానికి వస్తోంది. చూడనివాడు ఎటు తిరుగుతాడో తెలియదు, ఎరుపు చూపించి పైన ఆపమంది అక్క. నా బొటనవేలు మీట తిప్పింది. ఎరుపు నేరుగా ఆయన మొహానికే పట్టాను.

ఆయన ఆగలేదు. నా నెత్తి మీంచి వెళ్ళి, నేలకి దబ్బున తగిలి, ఎగిరి, మళ్ళీ తగిలి, రన్‌వే చివర గడ్డిలో ఆగాడు. వెనక వచ్చేదాన్ని అక్క అరిచి మరీ పైకి పంపేసింది. దాన్ని సర్దే పనిలో పడి కిందికి రాలేకపోయింది. పరిగెత్తింది నేనొక్కణ్ణే.

రెక్క ముందంచున రెండు వేళ్ళ మందాన మంచు. ముట్టుకుంటే గరుకుగా, తెల్లగా. రేడియో ఏరియల్ తీగ ఆ బరువుకి తెగి తోక మీద వేలాడుతోంది. అన్న సీట్లోంచి లేవలేదు. చేతులు ఇంకా పిడి మీదే ఉన్నాయి.

"రెండు దీపాలూ చూశాను తమ్ముడూ. మంచు పట్టిన రెక్క ఊపితే రాయిలా పడతాం. మళ్ళీ పైకి లేచే శక్తీ దానికి లేదు. అది నీకు చెప్పలేదు నేను" అన్నాడు.

ఇద్దరం కలిసి విమానాన్ని షెడ్డులోకి నెట్టాం. లోపల వేడి పొయ్యి ఉంది. మధ్యాహ్నానికి మంచంతా కరిగి రెక్క కింద మడుగు కట్టింది. జారిపడతారని ఆ నీళ్ళు నేనే తుడిచాను.

తుడిచాక వచ్చారు అధికారులు. ఇద్దరు. ఎర్రదీపం కాదని దిగాడు, వెనక ముప్పైమంది ప్రాణాలు గాల్లో వేలాడాయి, అదీ వాళ్ళ మాట. మంచు పట్టిందని అన్న చెప్పాడట. చూసినవాడెవడంటే నన్ను చూపించాడట. ఇక ఆయన మళ్ళీ ఎగరాలంటే నేను చెప్పే ఒక్క మాటే దిక్కు.

నన్ను గదిలోకి పిలిచారు. మంచుందని ఒప్పుకుంటే, మంచు పట్టినవాడికి ఎరుపు చూపించినవాణ్ణి నేనవుతాను. పని పోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు.

"రెక్క ఊపాడా?"

"ఊపలేదు సార్."

"మంచు చూశావా?"

ఎదురుగా అన్న కూర్చున్నాడు. నా మొహం కేసి కాదు, నా అరచేతుల కేసి చూస్తున్నాడు.

"షెడ్డులో నీళ్ళు చూశాను సార్" అన్నాను.

రాసుకున్నారు. వెళ్ళమన్నారు. గడప దాటాక గాని అబద్ధం చెప్పకుండానే ఎంత పని చేశానో తలకెక్కలేదు. వెనక్కి వెళ్ళొచ్చు. నాలుగడుగులే. వెళ్ళలేదు.

వారానికి కాగితం వచ్చింది. లైసెన్స్ రద్దు.

మర్నాడు పొద్దున ఆయన తోలు కోటు వేసుకుని షెడ్డుకి వచ్చాడు. విమానం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. రెక్క అంచు పొడుగునా తడిమాడు. పీపా పక్కన నేనున్నాను. ఏదైనా అంటాడని, తిడతాడనైనా ఎదురుచూశాను. చెయ్యి కోటుకి తుడుచుకుని, గేటు ఎదుట బస్సెక్కాడు.

బస్సు కదులుతుంటే కిటికీలో ఆయన మొహం ఇటే తిరిగి ఉంది. నేను చెయ్యి ఎత్తి ఊపాను. ఆయన ఊపలేదు.

ఊపలేదంటే చూడలేదని కాదు. అది నాకు తెలుసు.