తొమ్మిదిమంది, ఒక టోపీ

జిప్పులాయన అసలు పేరుతో ఆ వీధికి పనిలేదు. సంచుల జిప్పులు, సూట్‌కేసు చక్రాలు, ఊడొచ్చిన పిడులు బాగుచేస్తాడు కాబట్టి జిప్పులాయన. కొట్టు పక్కనే ఇరుకుగా మెట్లుంటాయి. అవి ఎక్కితే యూదుల ప్రార్థన మందిరం. దాని తాళంచెవీ ఆయన జేబులోదే. కింద జిప్పులు, పైన తాళాలు. రెండుచోట్లా ఆయన చేసేది ఒకటే పని, విడిపోతున్నదాన్ని పట్టి ఉంచడం. ఈమధ్య ఆ పట్టుకునే చేతులకే సత్తువ తగ్గింది.

ఆ రోజు మధ్యాహ్నానికే ఆయన ఫోను చెయ్యగలిగినవాళ్ళందరికీ చేసేశాడు. తల్లి పోయిన రోజది. ఏటా ఆ రోజున కొడుకు మందిరంలో నిలబడి కద్దీష్ అనే ప్రార్థన చెప్పాలి. ఒక్కడే ఓ మూల కూర్చుని గొణుక్కుంటానంటే కుదరదు, పదిమంది మగవాళ్ళు ఉండాలి. ఒకప్పుడైతే పదిమందేం ఖర్మ, బెంచీలు చాలక కిటికీ అంచుల మీద కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కొందరు ఊళ్ళు మారారు, కొందరు లోకమే మారారు, మిగిలినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు. వాళ్ళకి రోజు ముందునాటి పొద్దుగూకడంతోనే మొదలవుతుంది. నిన్న సాయంత్రం పదిమంది కాలేదు. ఈ ఉదయమూ కాలేదు. ఇక మిగిలింది పొద్దుగూకే ముందు చేసే ప్రార్థన ఒక్కటే. అది దాటితే వచ్చే ఏడే.

అటు ఇటు తిప్పి ఎలా లెక్కేసినా, తనతో కలిపి తొమ్మిదిమందే తేలారు. పదోవాడు లేకపోలేదు. రెండు వీధుల అవతల, ఆరోగ్యంగా, మూతి ముడుచుకుని ఉన్నాడు. అక్క మొగుడు. కిందటి నెల ఓ శనివారం, వాళ్ళ విశ్రాంతి దినాన, బావ అందరి ముందూ నిలబడి ప్రార్థన పాడుతూ ఊపిరి తీసుకోడానికి ఓ క్షణం ఆగాడు. సరిగ్గా ఆ క్షణంలోనే జిప్పులాయన పక్కవాడి చెవిలో చెప్పాననుకున్న మాట హాలంతా వినపడింది: "తుప్పుపట్టిన జిప్పు కూడా ఇంతకంటే శ్రుతిలో ఉంటుందిరా." నవ్వనివాడు లేడు. బావ పాట ముగించి, పుస్తకం మూసి, ఇంటికెళ్ళాడు. మళ్ళీ మెట్లెక్కలేదు.

పొద్దున అక్కకి ఫోను చేస్తే ఆవిడ ఉతికి ఆరేసింది.

"ఆయన్ని పంపించమని నాకు చెబుతావేంట్రా? అన్నది నువ్వు, పడ్డది ఆయన. మధ్యలో నేనెవర్ని? అమ్మకి నేనూ కూతుర్నేగా, మీ పదిమందిలో నన్ను లెక్కపెట్టుకుంటే నిన్న రాత్రే వచ్చి కూర్చునేదాన్ని."

"పక్క ఊళ్ళో కొత్త మందిరంలో ఆడవాళ్ళనీ లెక్కపెడుతున్నారటక్కా..."

"మరి అక్కడికే పోయి చెప్పుకో," అని ఫోను పెట్టేసింది.

ఇన్ని తలనొప్పుల మీద, హాల్లో ఫ్యాను తిరగడం మానేసింది. ముసలాళ్ళు ఉక్కలో కూర్చుంటే వచ్చే తొమ్మిదిమందీ తొందరగా లేచిపోతారేమోనని జిప్పులాయన మెకానిక్‌ని పిలిచాడు. అతను నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. నలభై దాటినవాడే గాని, ప్రశ్నల విషయంలో ఇంకా బడికెళ్ళే వయసే. జిప్పులాయన గుమ్మంలోని పెట్టెలోంచి గుడ్డ టోపీ తీసి అతని చేతికిచ్చాడు.

"ఇక్కడ తల కప్పుకోవాలి తమ్ముడూ. పైన ఒకడున్నాడని గుర్తుండడానికి."

టోపీ పెట్టుకుని నిచ్చెన ఎక్కాడో లేదో మొదలుపెట్టాడు. "కరెంటు బాగానే ఉందిగా బాబాయ్, అరలో ఆ దీపం ఎందుకు?"

"మా అమ్మకి. నిన్న సాయంత్రం వెలిగించాను. ఇవాళ పొద్దుగూకేదాకా ఉంటుంది."

"దేవుడెక్కడ మరి? ఆ తెర వెనకా?"

జిప్పులాయన బెంచీ మీద చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు తెచ్చేవాడి దగ్గర్నుంచి సున్నాలేసేవాడి దాకా ప్రతివాడూ ఈ ప్రశ్న అడిగాడు. "తెర వెనక బొమ్మేం ఉండదు. ధర్మశాస్త్రం ఉంటుంది, చేత్తో రాసిన తోలు చుట్టలు. దేవుడికి రూపం లేదు. ఉన్నది ఒక్కడే. భార్యా, కొడుకూ, పొత్తులోవాడూ ఎవరూ లేరు. మధ్యవర్తి కూడా లేడు. ఏం చెప్పుకున్నా నేరుగా ఆయనకే."

"ఒక్కడే అన్నీ చూసుకోవాలా? పాపం."

"పాపమే. అందుకే కొంత పని మాకూ అప్పగించాడు. మా పెద్దల్ని బానిసతనంలోంచి బయటికి లాక్కొచ్చి, ఒప్పందం చేసుకున్నాడు. మీరు నా మనుషులు, ఇవిగో నా ఆజ్ఞలు అన్నాడు. మావాళ్ళు సరే అన్నారు. ఎన్ని ఆజ్ఞలని ముందు అడగలేదు."

"ఎన్నేంటి?"

"ఆరువందల పైచిలుకు."

నిచ్చెన మీద ఫ్యాను రెక్క పట్టుకుని మెకానిక్ కిందికి చూశాడు. "అన్నీ చేస్తారా?"

"ఎవడికి ఎన్ని చేతనైతే అన్ని. కొన్ని ఇప్పుడు చెయ్యడానికి వీల్లేనివి. నాకైతే వారానికోసారి పని మానెయ్యమన్నాడు చూడూ, అదొక్కటే హాయిగా ఉంటుంది. శుక్రవారం పొద్దుగూకినప్పట్నుంచి మర్నాడు చుక్కలు పొడిచేదాకా ఏ జిప్పూ నా చేతిలోకి రాదు. ఫోనుండదు. స్విచ్చి కూడా వెయ్యను."

"మా ఆవిడకి చెప్పండి బాబాయ్. నేనూ మీలో చేరిపోతాను."

"రమ్మని పిలవం. వచ్చినా ముందు వద్దనే అంటాం. మంచిగా బతికేవాడికి దేవుడి దగ్గర చోటుండాలంటే యూదుడే అయ్యుండక్కర్లేదని మా పెద్దలు చెప్పారు. లేని బరువు ఎందుకు నెత్తికెత్తుకోవడం?"

మెకానిక్ కండెన్సర్ మార్చి, బేరింగులో రెండు చుక్కల నూనె వేశాడు. నోరు మాత్రం ఆగలేదు. "మీ అమ్మగారు ఇప్పుడు ఎక్కడుంటారంటారు?"

"ఉండే చోటుందంటారు. దాని సంగతి మావాళ్ళు ఎక్కువ మాట్లాడరు. ఇక్కడే చాలా పనుంది, ముందిది చూడమంటారు. లోకాన్ని చక్కబెట్టేవాడు ఒకడు వస్తాడని ఎదురుచూస్తున్నాం. ఇంకా రాలేదు." ఆవలించాడు. "చూడబోతే ఆయనకీ ఫోను కలవట్లేదు."

"తప్పు చేస్తే?"

"దేవుడి పట్ల చేస్తే దేవుణ్ణి అడగాలి. మనిషి పట్ల చేస్తే ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలి. వాణ్ణి బతిమాలుకోకుండా ఎన్ని ప్రార్థనలు చేసినా దేవుడు ఆ ఫైలు ముట్టుకోడు."

అలవాటుగా చెప్పుకుపోయిన మాట. చెప్పాక నాలుక కొంచెం మందంగా అనిపించింది. నీళ్ళు తాగాడు.

ఒక్కొక్కరూ రావడం మొదలైంది. రొప్పుతూ, మెట్లని తిడుతూ. అందరిలోకీ పెద్దాయన, ఒకప్పుడు మందుల కొట్టు నడిపినాయన, కర్ర తాటించుకుంటూ వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. ఒక కంటికి ఈమధ్యే ఆపరేషన్ అయి ఇంకా మసకగానే ఉంది, రెండోదానికి ఇంకా కాలేదు. మెకానిక్ నిచ్చెన మడిచి గోడకానించి, ఫ్యాను ఎలా తిరుగుతోందో చూడ్డానికి వెనక బెంచీ దగ్గర నిలబడ్డాడు. టోపీ తల మీదే ఉంది.

ఎదురింటి మేడ మీద ఎండ చివరి అంతస్తుకి పాకింది. పెద్దాయన లేచి, వేలు చాపి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఒకటి కాదు. రెండు కాదు. మూడు కాదు..."

"ఇదేం లెక్క బాబాయ్?" మెకానిక్ గొంతు తగ్గించి అడిగాడు.

"మనుషుల్ని సరుకులా లెక్కపెట్టకూడదని మాకో పట్టింపు," అన్నాడు జిప్పులాయన, అలాగే గుసగుసగా. "అందుకని లెక్కపెట్టడం లేదని చెబుతూ లెక్కపెడతాం."

పెద్దాయన వేలు బెంచీల మీదుగా వచ్చింది. "ఎనిమిది కాదు. తొమ్మిది కాదు." అది జిప్పులాయన. వేలు అక్కడ ఆగలేదు. పక్కన మసకగా ఇంకో టోపీ. "పది కాదు! పది కాదురోయ్!" ముసలాయన మొహం విచ్చుకుంది. "ఎవరో కొత్తాయన వేళకి దొరికాడు. కానివ్వండి, కానివ్వండి, పొద్దుపోతోంది!"

హాల్లో అలికిడైంది. పుస్తకాలు తెరుచుకున్నాయి. మెకానిక్ జేబులోంచి టెస్టరు పైకి కనపడుతూనే ఉంది. ముందువాళ్ళలో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి, చూసి, చూడనట్టు పేజీలు తిప్పుకున్నారు. ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకోవాలని ఎవరికి ఉండదు?

జిప్పులాయనకి అందరికంటే ఎక్కువుంది. నోరు మూసుకుంటే చాలు. అమ్మ ప్రార్థన అయిపోతుంది, తలుపు తాళం వేసుకోవచ్చు, ఏడాదిదాకా ఈ ఫోనుల గోల ఉండదు. తెలిసేదెవరికి? పెద్దాయనకి చూపు ఆనదు. మిగతావాళ్ళకి పట్టింపు లేదు. ఆయన పుస్తకం తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఇందాక తనే గదా చెప్పాడు, ఏం చెప్పుకున్నా నేరుగా ఆయనకేనని. నేరుగా వినేవాడికి టోపీ పెట్టడం ఎలా?

"పెద్దాయనా," అన్నాడు. ఎవరూ తల తిప్పలేదు. మళ్ళీ అన్నాడు. "పెద్దాయనా, మనం తొమ్మిదిమందే. ఈయన ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చాడు."

పేజీల చప్పుడు ఆగింది. ఫ్యాను మాత్రం చక్కగా తిరుగుతోంది.

మెకానిక్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నవ్వబోయాడుగాని నవ్వు సగంలోనే ఆగింది. "ఏం బాబాయ్, నేను మనుషుల్లో లెక్క కాదా?"

సిగ్గుతో చితికిపోయాడు జిప్పులాయన. "అలా కాదు తమ్ముడూ. పదిమందీ ఆజ్ఞలు నెత్తిన వేసుకున్నవాళ్ళే అయ్యుండాలి. ఆ బాకీ నీకు లేదు. లేని బాకీ నీచేత ఎలా తీర్పిస్తాం? నువ్వు తక్కువని కాదు. నువ్వు హాయిగా ఉన్నావని."

మెకానిక్ టోపీని వేళ్ళ మధ్య తిప్పాడు. ఆలోచన బావ దగ్గర ఆగినట్టుంది. ఫోనులో అక్క పెట్టిన చీవాట్లు అయిదుగురికైనా చెప్పుకుని ఏడ్చాడు కదా జిప్పులాయన, అందులో ఒకడు ఇతనే. "మరి మీ బావగారు ఉన్నారుగా. మనిషి పట్ల చేస్తే ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలన్నారు. నేను నిచ్చెన మీదుంటే చెప్పిన మాట, కిందికి దిగేసరికి మారిపోయిందా?"

ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన కర్రతో నేల మీద కొట్టాడు. "వెళ్ళరా! పరిగెత్తు! నీకింకా రెండు కళ్ళున్నాయి, రెండు కాళ్ళున్నాయి."

పరిగెత్తడం ఆయన మానేసి చాలాకాలమైంది. నడకకీ ఉరుకుకీ మధ్య ఏదో చేసి రెండు వీధులూ దాటాడు. అక్క తలుపు తీసి ఎగాదిగా చూసింది.

"గుర్తొచ్చింది బావేనా, లేక పదో అంకెనా?"

"రెండూనక్కా," అన్నాడు రొప్పుతూ. అబద్ధమాడే ఓపిక లేదు.

బావ కుర్చీలో కూర్చుని, పంట్లాం మోకాళ్ళదాకా మడిచి, వేణ్ణీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకున్నాడు. పేపరు దించలేదు.

"తప్పయింది బావా. క్షమించు."

"ఎవరెవరి ముందన్నావు ఆ మాట?"

"అందరి ముందూ."

"మరి ఇక్కడెవరున్నారు? మీ అక్కా, ఈ బకెట్టూ."

"అక్కడికొచ్చి అందరి ముందూ చెబుతాను. లే బావా. ఎండ పోతోంది."

పేపరు కొంచెం దిగింది. పైనుంచి రెండు కళ్ళు కనపడ్డాయి. "ప్రార్థన ఎవడు నడిపిస్తాడు?"

జిప్పులాయన ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాడు. అమ్మ రోజున, అమ్మ ప్రార్థనకి, ఆ గొంతు. "నువ్వే."

బావ తడి కాళ్ళు చెప్పుల్లో దూర్చాడు. అక్క తలకి గుడ్డ కట్టుకుని వెనకే బయల్దేరింది. "నువ్వెందుకే?" అని బావ అంటే, "లెక్కకి పనికిరాకపోతే కూర్చోడానికి కూడా పనికిరానా?" అంది. దారి పొడుగునా బావ చెప్పులు పచక్ పచక్‌మన్నాయి.

మెట్లెక్కేసరికి ఎండ ఎదురింటి పిట్టగోడ అంచుకి అతుక్కుని ఉంది. జిప్పులాయన ముందుకెళ్ళి నిలబడి, ఊపిరి అందకపోయినా అందరికీ వినపడేలా చెప్పాడు. "ఆ రోజు మా బావని నలుగురిలో నవ్వులపాలు చేశాను. తప్పు నాది. బావా, క్షమించు." అన్నన్ని మొహాలూ తనవైపే చూస్తుంటే చెవులు వేడెక్కాయి.

బావ ప్రార్థనప్పుడు వేసుకునే శాలువా తీసి భుజాల మీద సర్దుకున్నాడు. "సర్లే," అన్నాడు. "పేజీ ఎంత?"

పాడాడు. ఎక్కాల్సిన చోట దిగాడు, దిగాల్సిన చోట ఎక్కి అక్కడే కూర్చున్నాడు. ముందు బెంచీలో పెద్దాయన ఓర్పుగా గడ్డం నిమురుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పుడు కద్దీష్ వంతు వచ్చింది. జిప్పులాయన లేచి నిలబడ్డాడు.

ఆ ప్రార్థనలో చావు మాట ఎక్కడా ఉండదు. పోయినవాళ్ళ పేరూ ఉండదు. దేవుడు గొప్పవాడని, ఆయన రాజ్యం తొందరగా రావాలని, అందరికీ శాంతి కలగాలని, అంతే. అమ్మ మీద ఏదో పెద్ద దుఃఖం ముంచుకొస్తుందని ఆయన అనుకున్నాడు. రాలేదు. మాటలు రోజూ ఎక్కే మెట్లలా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆయన చెబుతూ పోయాడు, పదిమందిలో మిగతావాళ్ళు ఆమేన్ అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి అక్క అందరికంటే గట్టిగా అంది. వెనక నిచ్చెన పక్కనుంచి కూడా ఒక ఆమేన్ ఆలస్యంగా వచ్చింది. దానికి ఎవరి లెక్కా అక్కర్లేదు.

అందరూ దిగిపోయారు. మెకానిక్ టోపీని పెట్టెలో పెట్టి, తెర వెనక చుట్టలు చూడ్డానికి ఎప్పుడు రావచ్చో కనుక్కుని మరీ వెళ్ళాడు. జిప్పులాయన ఫ్యాను ఆపి, తలుపు వేసి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. వీధిలో అక్కా బావా నిలబడి ఉన్నారు.

"ఎలా ఉందిరా?" అన్నాడు బావ ఎటో చూస్తూ.

"ఏది?"

"ఏదేంటి, పాట."

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. జాగ్రత్త, అన్నట్టు.

"గట్టిగా ఉంది బావా," అన్నాడు జిప్పులాయన. "అమ్మదాకా వినపడే ఉంటుంది."