ఆ ఏడాది కొత్త గడియారాలు, నా గొంతు

జనగామ స్టేషన్ రోడ్డులో మా అబ్బా గడియారాలు బాగుచేసేవాడు. ముందు దుకాణం, వెనుక ఇల్లు. ఆయన దగ్గర పని నేర్చుకున్నది ఇద్దరం: నేను, తరిగొప్పుల నుంచి వచ్చే ఒకతను. నాకంటే రెండేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, అతను తమ్మీ అనేవాడు. రంజాన్ నెలలో మా ఇంట్లోనే ఇఫ్తార్‌కు కూర్చుని నా పళ్లెంలోనే తినేవాడు.

అబ్బా పోయాక దుకాణం నాకు మిగిలింది. అన్న హైదరాబాద్ వెళ్లి, విదేశీ గడియారాలు అమ్మే పెద్ద షోరూంలో చేరాడు. ఏటా ఎండాకాలం మొదట్లో ఆ కంపెనీ తన కొత్త గడియారాల పుస్తకం వేసేది. అన్న ఒకటి తెలిసిన బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేవాడు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. లోపలి చక్రాల బొమ్మలుంటే చాలు, మిగతాది అర్థమైపోయేది. రెండు రోజులాగి అన్న ఫోన్ చేసేవాడు. ఒక్కో గడియారం ఎట్లా నడుస్తుందో నేను చెప్పేవాణ్ని.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊరూరా రగులుతున్న ఏడు వచ్చిన పుస్తకం నాకు బాగా గుర్తుంది. నీలం ముఖం గడియారంలో రంగు తప్ప కొత్తదేమీ లేదు, లోపల పాత యంత్రమే. ఇంకొకటి రూపాయి బిళ్లంత పలుచన. అంత పలుచగా చేయడానికి వెనుక మూతకే చక్రాలు బిగించారు. మీట నొక్కితే గంటలు కొట్టేదాన్ని అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాకు నచ్చింది మాత్రం చంద్రుడు కనిపించే గడియారం.

"చంద్రుడు ఎట్ల పెరుగుతడు తమ్మీ గందుల?" అని అడిగాడు అన్న.

"పెరుగడన్నా. పల్లెం మీద ఇద్దరు చంద్రులను గీసిండ్రు. ఒకడు గట్ల దాక్కుంటుంటే ఇంకొకడు గిట్ల బయటికొస్తడు. పల్లేనికి యాభై తొమ్మిది పండ్లు. దినానికి ఒక్క పన్ను జరుగుతది. రెండు నెలలకు పల్లెం ఒక్క సుట్టు తిరుగుతది."

"ఇంకోపారి చెప్పు తమ్మీ, జర నిమ్మళంగ."

మళ్లీ చెప్పాను. మా దుకాణం ఎదురుగానే రిలే దీక్షల శిబిరం. మన మాటను సినిమాల్లో ఎన్నేళ్లుగా వెక్కిరించారో మైకులో ఎవరో చెబుతున్నారు. అది ఫోన్లో అన్నకూ వినిపించింది.

"ఈడ మాట మార్చుకోకుంటే నిలువనియ్యరు తమ్మీ," అన్నాడు. "నీతోని మాట్లాడినప్పుడే నా నోరు సాపుగ తిరుగుతది."

అతను అక్కడ ఒంటరిగా ఉన్నాడనుకున్నాను.

తర్వాత రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. రైళ్లు ఆగాయి, భూపాలపల్లిలో గనులు మూతపడ్డాయి. అక్కడి కార్మికులు బాగుకిచ్చిన గడియారాలు నా అల్మారాలోనే ఉండిపోయాయి. సమ్మె ముగిశాక విడిభాగాల కోసం హైదరాబాద్ బయలుదేరాను. అన్నకు ఇవ్వమని అమ్మ డబల్ కా మీఠా డబ్బా చేతిలో పెట్టింది. చెప్పకుండా వెళ్లి ఆశ్చర్యపరుద్దామని నేరుగా షోరూంకు పోయాను.

అన్న అటు తిరిగి, ఇద్దరు కొనేవాళ్లకు చంద్రుడి గడియారం చూపిస్తున్నాడు. పక్కన షోరూంలో పనిచేసే పిల్లలు ముగ్గురు. ఇద్దరు చంద్రులు, యాభై తొమ్మిది పళ్లు, అన్నీ నేను చెప్పినవే. భాష ఒక్కటే మారింది. నాకు సంతోషమే అయింది. అబ్బా ఉంటే ఎంత మురిసేవాడో అనుకున్నాను.

అప్పుడు ఒక అమ్మాయి, "సర్, మీ జనగామ ఇంజనీరు గారిది వినిపించండి," అంది.

అన్న జేబులోంచి ఫోన్ తీశాడు. అందులోంచి నా గొంతు వచ్చింది. వెనకాల దీక్షా శిబిరం మైకు కూడా వినిపించింది. అందరూ నవ్వారు. అన్న నా కంటే సాగదీసి, "ఒకడు గట్ల దాక్కుంటుంటే..." అని అనుకరించాడు. మళ్లీ నవ్వారు.

"ఎవరండీ ఈయన?" అని కొనేవాళ్లలో ఒకరు అడిగారు.

"మా వైపు ఒకాయన. వాచీలకు సెల్లులు మారుస్తుంటాడు."

వెనక్కి తిరిగేసరికి అన్నకు నేను కనిపించాను. "మీరు... ఎప్పుడొచ్చారు?" అన్నాడు. జన్మలో నన్ను మీరు అనలేదు. చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాక భాష మారింది.

"తప్పుగ అనుకోకు తమ్మీ. జర నవ్వితే గిరాకీ కుదురుతది, గంతే."

"ఎన్నొద్దుల సంది రికార్డు చేస్తున్నవ్?"

"మూడేండ్లాయె."

"మూడేండ్లు నీతోనే మాట్లాడుతున్న అనుకున్ననన్నా. గింత మందితోని మాట్లాడుతున్ననని నాకెర్కలే."

అమ్మ ఇచ్చిన డబ్బా అతని చేతిలో పెట్టి స్టేషన్‌కు నడిచాను. విడిభాగాలు కొనడం కూడా మరిచిపోయాను. ఇంటికి రాగానే అమ్మ, "తిన్నడా?" అని అడిగింది. తిన్నాడన్నాను.

ఆ తర్వాత నా నోరే నాకు పరాయిదైంది. కేసముద్రం మార్కెట్ నుంచి ఒక వ్యాపారి వచ్చి తన గడియారానికి ఏమైందని అడిగితే, "దీని స్ప్రింగు విరిగిపోయిందండి, మార్చవలసి ఉంటుంది," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏంది భాయ్, పానం మంచిగ లేదా? గట్ల మాట్లాడుతున్నవ్," అన్నాడు. మరుసటి ఏడు బస్సు డ్రైవర్ పుస్తకం తెస్తే తిప్పి పంపేశాను. అందులో ఏముందో చూడాలని ప్రాణం కొట్టుకుంది. ఆ సంబరం కూడా అతనే తీసుకుపోయాడు.

రాష్ట్రం వచ్చిన రోజు అన్న జనగామకు వచ్చాడు. మెడలో గులాబీ కండువా, చేతుల నిండా గులాల్. బల్ల మీద విప్పిన గడియారం ఉంది, గులాల్ పడకుండా దాని మీద గబగబా గాజు గిన్నె బోర్లించాను. అన్న నన్ను కౌగిలించుకున్నాడు.

"ఇగ మన మాటకే ఇలువ తమ్మీ. షోరూంకు మానుకోట నుంచి గూడ గిరాకీ వస్తున్నది. నువ్వొక్కపారి రా. గీ ఏడు కొత్త గడియారాల గురించి నీ నోటితోనే చెప్పు, అందరి ముంగట."

"రాను."

"గప్పటిది ఇంక మనసుల పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న," అన్నాను.

అమ్మను పలకరించి వస్తానని లోపలికి పోయాడు. అమ్మకు ఏమీ తెలియదు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదురా అని ఆమె కోప్పడటం, అతను ఏదో చెప్పి నవ్వించడం నాకు వినిపిస్తూనే ఉంది. నేను కూర్చున్న చోటు నుంచి లేవలేదు.