పిన్ని కోసిన టైరు

మొన్న మధ్యాహ్నం సున్నపు బట్టీ కొట్టులో కూర్చుని పద్దు రాసుకుంటూ ఉంటే పిన్ని కారు తోలే డ్రైవరు వచ్చాడు. నడిచి వచ్చాడు. కారు లేకుండా అతను అంత దూరం రావడం నేనెన్నడూ చూడలేదు. అతను నోరు తెరవక ముందే నేను పద్దు మూసి లేచాను.

"అక్క పోయిందన్నా. పొద్దున్నే టైర్లు చూసి అరుగు మీద కూర్చుంది. మళ్ళీ లేవలా" అన్నాడు.

పిన్ని నాకు రక్తసంబంధం కాదు. గురజాలలో మా వీధిలోనే ఉండేది. ఆమె భర్తను బాబాయి అనేవాణ్ణి, అందుకని ఆమె పిన్ని. బాబాయి సొంత కారు పెట్టుకుని బాడుగకు తోలేవాడు. ఒక ఎండాకాలం మాచర్ల నుంచి వస్తూ ఉండగా ముందు టైరు పగిలింది. కారు కల్వర్టు గోడకు కొట్టుకుని ఆయన అక్కడే పోయాడు. ఆ టైరు చూడటానికి దాదాపు కొత్తది. పక్కన మాత్రం నిమ్మకాయంత ఉబ్బు ఉందట. బయల్దేరేటప్పుడు దాన్ని చూసి కూడా, "ఇంటికి పోయాక చూద్దాంలే" అన్నాడని వెంట ఉండి బతికిన మనిషి తరువాత చెప్పాడు.

కారు అమ్మెయ్యమని అందరూ చెప్పారు. "అమ్మితే కొన్నోడు గూడా ఇంటికి పోయాకే చూద్దాంలే అంటాడు" అంది పిన్ని. బాగు చేయించి, డ్రైవర్ని పెట్టుకుని, బాడుగలు సాగించింది. తను మాత్రం అందులో ఎక్కేది కాదు. పుట్టింట్లో పెళ్ళికి కూడా బస్సులోనే వెళ్ళింది.

రోజూ పొద్దున వాకిట్లో కల్లాపి చల్లగానే తడిగుడ్డతో టైర్లు తుడిచేది. వాటి గాడుల్లో బొటనవేలి గోరు పెట్టి చూసేది. గోరు మునగకపోతే ఆ టైరు మార్చే రోజు వచ్చినట్టు. తరువాత పక్క గోడలను అరచేత్తో తడిమేది, కుండ కొనేటప్పుడు కన్నం ఉందేమోనని తడిమినట్టు. డ్రైవరు నవ్వేవాడు.

"అక్కా, టైర్లకి తలంటు గూడా పొయ్యరాదా?"

"నీకు పోస్తారు లేరా, నేను చూడకపోతే" అనేది ఆమె. ఆ మాటతో అతని నవ్వు ఆగిపోయేది.

ఒకసారి టైర్లు కొనడానికి గుంటూరు వెళుతూ నన్ను తోడు రమ్మంది. షాపతను బొత్తాల్లాంటి లావు దిమ్మెలున్న గుండీల టైరు ఒకటి దొర్లించుకొచ్చి, "ఏనుగు ఎక్కినా పగలదమ్మా" అన్నాడు.

"ఏనుగులు మా కారు ఎక్కవులే గానీ, దాన్ని వంచు" అంది. వంచితే పక్కన సన్నని చీలికలు కనిపించాయి. "ఏందయ్యా ఇది, ఎండాకాలం రేగడి నెర్రెలిచ్చినట్టు? ఎన్నాళ్ళు ఎండలో పెట్టావు?" అని అడిగింది. అతను లోపలికి పోయి వేరేవి తెచ్చాడు. ముందు చక్రాలకు నిలువు గీతలవి, అవి చెప్పినట్టు తిరుగుతాయని. వెనక్కు గుండీలవి, బురదలో పట్టు దొరుకుతుందని. అలా ఎంచుకుంది. తిరుగు బస్సులో, "పిన్నీ, నీకింత భయమైతే ఎట్లా?" అన్నాను. "భయం ఉన్న బండే ఇంటికొస్తది రా అబ్బాయ్" అంది.

ఆమె భయం విలువ నాకు తెలిసింది మా ఆవిడ కాన్పు నాడు.

అది వానాకాలం. మా ఆవిడకు నొప్పులు ఆగి రక్తం పోవడం మొదలైంది. నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోకపోతే దక్కదని మంత్రసాని చేతులెత్తేసింది. నేను పిన్ని ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో కారు ముందు ఆమె, డ్రైవరు నిలబడి ఉన్నారు. బట్టీ దారిలో రాయి కొట్టుకుని ముందు టైరుకు పక్కన ఉబ్బు వచ్చింది. ఇంట్లో ఉన్న మారు టైరేమో బోడిది, గీత అన్నది లేదు. కొత్తవి గుంటూరు నుంచి ఇంకా రాలేదు.

"ఉబ్బు చిన్నదే అక్కా. గీతలు ఎంత బాగున్నయ్యో చూడు. ఈ వానకి ఆ బోడిదేస్తే మనం పేటకి పోం, వాగులోకి పోతాం" అన్నాడు డ్రైవరు.

నేను కూడా అదే అన్నాను. కళ్ళకు మంచిగా కనిపించే టైరు మీదే నా ప్రాణమంతా ఉంది. "పిన్నీ, అక్కడ రక్తం పోతంది. ఉన్నదాంతోనే పోనీ" అని బతిమాలాను.

పిన్ని ఒక్క క్షణం నా మొహం చూసింది. "ముందు చక్రం ఊడదియ్" అంది డ్రైవరుతో. అతను ఊడదీసి పక్కన పెట్టి, మళ్ళీ ఏదో చెప్పబోయాడు. ఆమె ఇంట్లోకి పోయి కత్తి తెచ్చింది. గాలి తీయించి, ఉబ్బు ఉన్నచోట దిగేసి, పక్క గోడను జానెడు కోసేసింది.

"అది ఉన్నంతసేపూ మీ మనసు దానిమీదే ఉంటది. ఇంక లేదు. అరిగింది కనపడతది, దానికి తగ్గట్టు తోలొచ్చు. ఉబ్బింది చెప్పదు రా. బిగించు ఆ బోడిది."

మా ఇంటి ముందు కారు ఆపి మా ఆవిణ్ణి వెనక సీట్లో పడుకోబెట్టాం. తల మా అత్త ఒళ్ళో ఉంది, కాళ్ళ దగ్గర నేను. ముందు తలుపు చప్పుడైతే తలెత్తి చూశాను. పిన్ని ఎక్కి డ్రైవరు పక్కన కూర్చుంది. బాబాయి పోయాక అదే మొదటిసారి. చీర కొంగు రెండు పిడికిళ్ళలో బిగించి పట్టుకుంది.

"నేనేసిన టైరు గదా" అంది ఎవరినీ చూడకుండా.

పిడుగురాళ్ల దాటాక వాన కమ్ముకుంది. బురదలో ముందు చక్రం ఒక పక్కకు తేలిపోతూ ఉంది.

"అక్కా, జారతంది."

"జారనీ. మెల్లగా పో. జారేది తెలుస్తంది గదా."

"మెల్లగా అంటే ఎంత మెల్లగా? దున్నపోతు దాటిపోయింది మనల్ని."

"దానెనకే పో. దానికి దారి తెలుసు."

వాగుకు అడ్డంగా వేసిన చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి. సగం దాటాక కారు మూతి వాగు వైపు తిరిగింది. మా అత్త దేవుణ్ణి పిలిచింది. నాకు ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. చక్రం అంచు రాయికి ఆని ఆగింది. నేనూ డ్రైవరూ దిగి మోకాళ్ళ నీళ్ళలో మూతిని భుజాలతో దారికి నెట్టాం. కిటికీలోంచి పిన్ని ఆ టైరునే చూస్తూ ఉంది, రెప్ప వెయ్యకుండా. లోపల మా ఆవిడ మూలుగు వినిపిస్తూ ఉంది. అది ఆగిపోతుందేమోనని నా భయం.

ఆగలేదు. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ దక్కారు. చెబుదామని బయటికి వస్తే పిన్ని వరండాలో గోడకు ఆనుకుని వాంతి చేసుకుంటూ ఉంది. "బిడ్డ యాడికీ పోదు, వస్తా ఉండు" అంటూ చేత్తో ఆగమంది.

ఆ కోసిన టైరు అంత దూరం నిలిచేదో, నడుమ పగిలేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ అది తలపుకు వస్తే మాత్రం అన్నం సయించదు.

టైరు పారెయ్యలేదు పిన్ని. మాదిగపల్లెలో చెప్పులు కుట్టే ఆయనకిచ్చి, దాని గీతల పట్టాతో చెప్పులు కుట్టించుకుంది. చివరిదాకా అవే తొడిగింది. అవి అరిగినా తనకు భయం లేదనేది.

ఆ సాయంత్రం దహనం అయ్యాక నేను ఇంటికి బయల్దేరుతుంటే వాకిట్లో కారు ముందు డ్రైవరు కూర్చుని ఉన్నాడు. మబ్బు పట్టింది. మాచర్లకు బాడుగ వచ్చిందట.

"పోవచ్చునా అన్నా? ఎవరిని అడగాల ఇంక?" అన్నాడు.

నేను వంగి ముందు టైరు గాడిలో గోరు పెట్టాను. మునిగిందో లేదో చప్పున తేల్చుకోలేకపోయాను. తలెత్తితే గడప పక్కన ఆమె చెప్పులు కనిపించాయి. ఒకటి బోర్లా పడి ఉంది. దాని గీతల్లో వాకిటి మట్టి ఇంకా తడిగానే ఉంది.