తంగేడుకు చెల్లెలు

అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌కు గంట దూరంలో ఒక రక్షిత మైదానం ఉంది. చుట్టుపక్కల నాలుగైదు కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటివాటిలో, తప్ప ఇంకెక్కడా బతకని అడవి పొద్దుతిరుగుడు అక్కడ పూస్తుంది. కంచె వేసి జనాన్ని దూరం పెడితే లాభం లేదని, దగ్గర్లో ఉండేవాళ్ళనే కలుపుకోవాలని అక్కడి రేంజరు పట్టుబట్టింది. కలుపు తీయడం, విత్తనాలు ఏరడం, చూడవచ్చినవాళ్ళను తిప్పి చూపించడం మా చేతుల్లో పెట్టింది. తెలుగువాళ్ళను తిప్పే పని నాది. ఆఫీసులో నన్ను నమ్మి ఒక మీటింగ్ కూడా అప్పజెప్పరు, ఈవిడ ఏకంగా మైదానమే అప్పజెప్పింది. నాకు కొమ్ములొచ్చాయి.

బోర్డు మీద ఉన్నది చదివి వినిపిస్తే మనవాళ్ళు ఫోన్లు బయటికి తీస్తారు. అందుకని కబుర్లు చెప్పేదాన్ని. సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం ఆ పసుపు పూల ముందు నిలబడి, "ఇది మన తంగేడుకి చెల్లెలండీ" అన్నాను. చుట్టరికం ఏమీ లేదు, రంగు ఒక్కటే. నవ్వుతారని అన్నాను.

మా వీధిలో ఉండే వరంగల్ ఆంటీ నవ్వలేదు. ఇరవై ఏళ్ళుగా స్టోర్‌లో కొన్న చామంతులతో బతుకమ్మ పేరుస్తున్న మనిషి ఆవిడ. పువ్వు దగ్గరకు వంగి, "అయితే బతుకమ్మల పెట్టొచ్చా బిడ్డా?" అని అడిగింది.

"భేషుగ్గా పెట్టొచ్చు ఆంటీ!" అన్నాను. నా నోటి దూల. కోయకూడదన్న మాట బోర్డు మీద ఇంగ్లిష్‌లో ఉంది. నేను చెప్పలేదు.

తరువాతి శనివారం బతుకమ్మ ఆటకని మా కాలనీ క్లబ్‌హౌస్‌కు వెళ్ళేసరికి బతుకమ్మ కింది నుంచి పైదాకా ఆ పసుపు పూలతోనే ఉంది. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "పొద్దుగాల పోయి కోసుకొచ్చినం. ఇన్నేండ్లకు తంగేడు దొరికినట్టాయె, అంతా నీ పుణ్యమే" అంది. ఏం చేయాలో తెలియక అందరితోపాటు చప్పట్లు కొడుతూ రెండు చుట్లు తిరిగాను.

సోమవారం రేంజరు రమ్మంది. వెళ్ళేసరికి మొండి కాడల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కొన్ని వారాల్లో మేము విత్తనాలు ఏరాల్సిన మొక్కలవి. తిట్టినా బాగుండేది, ఏడ్చింది. ఎవరు కోశారో నేనే చెప్పాను. కోయకూడదని వాళ్ళకు చెప్పావా అని అడిగింది.

"చెప్పాను" అన్నాను.

ఆ ఒక్క మాటతో నేను బయటపడ్డాను. తెలుగువాళ్ళను తిప్పి చూపించడం ఆపేశారు. చెప్పినా వినకుండా పూలు కోశారు కాబట్టి ఇక మైదానానికి రావద్దని ఆంటీకి ఉత్తరం వెళ్ళింది. నన్ను మాత్రం ఉండమన్నారు. ఆ రోజుల్లో అద్దంలో ముఖం చూసుకుంటే అసహ్యం వేసేది.

వారం తరువాత ఆ ఉత్తరం పట్టుకుని ఆంటీ మా ఇంటికి వచ్చింది. నిజం చెప్పేద్దామనే తలుపు తీశాను. ఆవిడ చెప్పులైనా విప్పలేదు.

"నువ్వు చెప్పే ఉంటవ్ బిడ్డా. పువ్వును జూసిన సంబురంల నాకే ఇనబడకపాయె. నావల్ల నీకు మాటొచ్చింది, ఏమనుకోకు" అంది. కళ్ళు తుడుచుకుంది.

నోరు తెరిచాను.

"కూర్చోండి ఆంటీ, టీ పెడతాను" అన్నాను.