రాలేదని చెప్పిన జవాబు

మూడేండ్లు ప్రతి శుక్రవారం ఒక అబద్ధం చెప్పినాను. ఒకే అబద్ధం, ఒకే మనిషికి. దాన్ని మోసి మోసి అలిసిపోయినాను. నా పేరు అడగొద్దండి. తిరుచానూరులో లాడ్జీల సందులో నాకొక నెట్ సెంటర్ ఉండాది, అంతమటుకు చాలు. మా ఇంట్లోవాళ్లకు కూడా తెలీని సంగతి ఇది. మీకెందుకు చెప్తా ఉన్నానంటే, మీరు నన్ను ఎరగరు కాబట్టి.

పూతలపట్టు దగ్గర బడిలో పనిచేసి రిటైరైన టీచరమ్మ ఒకామె మా వీధిలో ఉండేది. ఆయమ్మకు ముగ్గులంటే ప్రాణం. వాకిట్లో ముగ్గేసి, ఫోటో తీసి నా దగ్గరికి తెచ్చేది. ఆయమ్మకు బ్లాగు తెరిచి ఇచ్చింది నేనే. మెయిలూ, పాస్‌వర్డూ అన్నీ నా చేతిలోనే. ప్రతి ఫోటో కింద చుక్కల లెక్కతో పాటు, ఆ ముగ్గు ఎవరు నేర్పినారో రాయించేది. 'ఇది పూతలపట్టు కమలమ్మ ముగ్గు.' 'ఇది బస్సులో పక్కన కూర్చున్న గూడూరు రత్నమ్మ ముగ్గు.' పేరు లేకుండా ఒక్కటి కూడా పెట్టనిచ్చేది కాదు. ఏందమ్మా ఈ చాదస్తం అని నేను నవ్వితే, పొద్దున వేసింది మధ్యాన్నానికి తొక్కేస్తారు గదప్పా, పేరన్నా మిగలనీ అనేది.

ఆ ఫోటోలన్నీ నేను ఎత్తుకున్నాను. సొంతంగా ఒక ముగ్గుల సైటు పెట్టి, కింద ఉన్న పేర్లన్నీ తీసేసి, అన్నీ మావే అన్నట్టు వేసుకున్నాను. ధనుర్మాసంలో జనం విరగబడి చూసినారు. ప్రకటనలు పడి నాలుగు డబ్బులొచ్చినాయి. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

ఒక శుక్రవారం ఆయమ్మ అమ్మవారి దర్శనం చేసుకుని, నుదుట కుంకుమతో నేరుగా నా షాపుకొచ్చింది. ఎవరో చెల్లెలు వరసామె నా సైటును ఆయమ్మ ఫోన్‌కు పంపించింది.

"సూడప్పా ఈ అన్యాయం! నా పేరు పోతే పోనీలే. ఆ ఆడోళ్ల పేర్లన్నీ పీకేసినాడు. వాళ్లేం పాపం చేసినారు వీనికి?"

ఎట్లన్నా వాణ్ణి ఆపాలప్పా అనింది. కాదంటే ఇంకో షాపుకు పోతుంది. ఆడ నా గుట్టు బయటపడుతుంది. అందుకే నేనే అన్నాను, సెర్చ్ కంపెనీకి కంప్లైంటు పెడదామమ్మా, వాళ్లు ఆ పేజీలు ఎవరు వెతికినా కనపడకుండా చేస్తారు అని.

ఆ ఫారంలో రెండు గడులుంటాయి. అసలుది యాడ ఉండాది? కాపీ యాడ ఉండాది? ఆయమ్మ పక్కనే కుర్చీలో కూర్చోనుంది. పై గడిలో నా సైటు అడ్రసు పడింది. కింది గడిలో, దొంగ గడిలో, ఆయమ్మ బ్లాగు అడ్రసు పడింది. "సరిగ్గా పెట్టినావా నాయనా?" అనింది. పెట్టినానమ్మా అన్నాను.

చెయ్యి తప్పిందా? ఇన్నాళ్లూ నాకు నేను అట్లనే చెప్పుకున్నాను, రోజుకు నూరుమందికి ఫారాలు నింపేవాణ్ణి, ఒకటి అటూ ఇటూ కాదా అని. కాదు. నొక్కకముందే చూసినాను. మార్చేదానికి అర నిమిషం చాలు. అయినా నొక్కినాను.

రెండు వారాలు తిరక్కుండానే జవాబొచ్చింది. కంప్లైంటు ఒప్పుకున్నారు, పేజీలు తీసేసినారు. ఆయమ్మ పేజీలు, ఆయమ్మ పేరుతో పెట్టిన కంప్లైంటుకే! బ్లాగు ఉన్నచోటే ఉండాది గానీ ఎవరు వెతికినా దొరకదు. నేను ఫోన్‌లో పెట్టిచ్చిన బ్లాగు గుర్తు నొక్కి, వెతక్కుండా నేరుగా చూసుకునేది కాబట్టి ఆయమ్మకు తెలీలేదు. తప్పు జరిగిందని నేను రాసుంటే సరిపోయేది. రాస్తే, మరి అసలు దొంగ ఎవరని అడుగుతారు గదా? భయం. ఒట్టి పిరికితనం.

"జవాబొచ్చిందా అప్పా?"

"రాలేదమ్మా."

"పాపం, వాళ్లకు ఎంతమంది చెప్పుకుంటా ఉంటారో. నిదానంగానే సూడనీలే."

ప్రతి శుక్రవారం ఇదే. కంపెనీ మీద కూడా జాలిపడే మనిషి. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఒకసారి కొత్త ముగ్గు తెచ్చింది. 'ఇది గుడి దగ్గర పూలమ్మిన మునెమ్మ ముగ్గు' అని రాయమనింది. మునెమ్మ మా అమ్మ, ఆ సంగతి ఆయమ్మకూ తెలుసు. చనిపోయి చానా కాలమైంది. పూల మీద చల్లే నీళ్లతోనే నేల మీద గీసి చూపించిందంట, బేరం లేని పూట. మా అమ్మకు ముగ్గులొచ్చని నాకే తెలీదు. ఎవరికీ కనపడని పేజీలో, నా చేత్తోనే, మా అమ్మ పేరు టైపు చేసినాను. ఆ వారమే నా సైటు తీసేసినాను. మంచి బుద్ధి పుట్టి కాదండి, ఆ పేరు చూసి ఓర్చుకోలేక. తీసేసినట్టు ఆయమ్మకు చెప్పలేదు, ఆయమ్మ ఆ సైటు మళ్లీ తెరిచి చూళ్లేదు. ఆయమ్మ పేజీలు మళ్లీ కనపడాలంటే మాత్రం ఆయమ్మే సంతకం పెట్టాల, అంటే అన్నీ చెప్పాల. చెప్పలేదు.

తర్వాత ఆయమ్మ గూడూరులో చెల్లెలి దగ్గరికి పోయింది. శుక్రవారం ఫోన్ మాత్రం తప్పేది కాదు. పోయిన నెల అట్లే ఫోన్ చేసి, జవాబొచ్చిందా అప్పా అనింది. ఎందుకో ఆ పూట రాలేదనే మాట నోట్లోనుంచి రాలేదు.

"వచ్చిందమ్మా. అప్పుడే వచ్చింది. పోయింది మీ పేజీలే. ఆ దొంగ నేనే."

 ఆయమ్మ ఒక్కటే అడిగింది.

"అయితే మీ అమ్మ పేరు గూడా ఎవరికీ కనపడదా?"

కనపడదమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసింది.

గుండె కొంచెం తేలికైంది, సిగ్గిడిచి చెప్తా ఉన్నాను. ఆయమ్మ మనసుకు ఏమైందో నాకు తెలీదు. సంతకం కోసం ఫారం నింపి పెట్టినాను, ఈసారి గడులు రెండుసార్లు సరిచూసినాను. అడిగే మొకం లేదు. నిన్న ఇంకో శుక్రవారం పోయింది. ఫోన్ రాలేదు. వచ్చుంటే చెప్పేదానికి నా దగ్గర అబద్ధం కూడా లేదు.